పూటకూటి ఇంటి ఋణం

'పూటకూళ్ళు' అనే మాట నేడు కన్యాశుల్కం పాఠం చెప్పే తరగతిలో తప్ప చెవిని పడడం అరుదు. పూట అంటే దినంలో సగం; కూడు అంటే అన్నం; కూడుకు బహువచనం కూళ్ళు. పూటకు ఇంత అని వెల పుచ్చుకొని అన్నం పెట్టే ఇల్లు పూటకూళ్ళ ఇల్లు. పూర్వకావ్యాలలో ఇదే పూటకూటి ఇల్లు. ఊరుగాని ఊరు పోయినవాడు మూట దించుకోవడానికి అరుగు, కాళ్ళు కడుగుకోవడానికి నూతినీళ్ళు, ఆకలి తీరడానికి ఒక విస్తరి, రాత్రి ఒదిగి పడుకోవడానికి ఇంత చోటు అక్కడ దొరికేవి. హోటళ్ళు, లాడ్జీలు పుట్టకముందు ఎన్నో తరాల తెలుగు బాటసారులను ఈ ఇండ్లే కాపాడాయి.

అంతటి ఉపకారం చేసిన ఇంటికి మన సమాజంలో గౌరవం మాత్రం దక్కలేదు. 'పూటకూళ్ళు పెట్టుకొని బ్రతుకుతున్నది' అనడం ఒకనాడు జాలిమాట, మరొకనాడు తిట్టు. అన్నం పెట్టినవారిని తల్లితో పోల్చే జాతి, అదే అన్నానికి నాలుగు డబ్బులు పుచ్చుకున్న తల్లిని ఎందుకు చిన్నచూపు చూచింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే మన సాహిత్యంలోని అతిథుల వెంట కొంతదూరం నడవాలి.

మన కావ్యాలలో ఆదర్శగృహస్థు అన్నదాత. మనుచరిత్రలోని ప్రవరుడు ఇంటికి వచ్చిన అతిథిని విడువడు. వేయిమంది వచ్చినా అతని ఇల్లాలు వండడానికి అలయదని పెద్దన వర్ణించాడు. ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరు త్రోవను పోయే వైష్ణవులకు కాలాన్ని బట్టి విందులు చేస్తాడు. ముసురు పట్టిన దినాలలో వేడి అన్నం, పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు, నెయ్యి. ఎండకాలంలో నులివెచ్చని అన్నం, తీపి చారులు, మజ్జిగపులుసు, చెరకురసం, లేత కొబ్బరినీళ్ళు. ఆ వానకాలపు వంటలో కృష్ణదేవరాయలు గమనించిన విశేషం మరొకటి ఉన్నది. తడికట్టెల పొగ ఇల్లాలి కండ్లకు తగులకుండా పొయ్యిలో కొబ్బరిచిప్పలు పెట్టి వండారట. సామ్రాజ్యాన్ని ఏలిన కవి అతిథి విస్తరితోపాటు వండే ఆమె కన్నులను కూడ చూచాడు. ఈ చూపు తరువాతివారిలో అంతగా కనబడదు.

ఉచితంగా పెట్టడం ఇంత గొప్పది గనుక, వెల పుచ్చుకొని పెట్టడం అంత నీచమయింది. బ్రాహ్మణుడు ఆపత్కాలంలో వర్తకం చేసి బ్రతుకవలసి వచ్చినా, వండిన అన్నం మాత్రం అమ్మరాదని మనుస్మృతి పదవ అధ్యాయం నిషేధించింది. భారతంలో మార్కండేయుడు ధర్మరాజుకు కలియుగలక్షణాలు చెప్పేటప్పుడు జనపదాలలో అన్నం అమ్ముకొనే కాలం రానున్నదని సూచించినట్లు వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. అంటే అన్నవిక్రయం ఒక పాపం మాత్రమే గాక యుగం చెడిపోయిందనడానికి గుర్తు కూడ అయింది. ఈ భావం మన ఇండ్లలో ఎంత లోతుగా నాటుకొన్నదంటే, ధర్మశాస్త్రం పేరైనా ఎరుగనివారు కూడ అన్నం అమ్ముకోవడం తప్పని చెప్పేవారు.

కాని బాటసారి ఆకలి శాస్త్రం చూచి పుట్టదు. త్రోవలో ప్రతి ఊర ఒక ప్రవరుడు ఉండడు. ఉన్నా, వాకిట నిలిచిన ప్రతివానిని లోపలికి పిలువడు. కులమేది, గోత్రమేది, ఎవరి తాలూకు అనే ప్రశ్నలకు సరియైన జవాబు చెప్పగలిగినవానికే ఆతిథ్యం. ఒకపూట తిన్నవాడు రెండవపూట కూర్చోవాలంటే జంకుతాడు. ఉచితభోజనంలో కంటికి కనబడని వెల ఒకటి ఉన్నది. అది తినేవాని అభిమానం.

ఈ చిక్కును మహానగరాలు ముందుగా విప్పుకున్నాయి. అందుకు మన భాషలో చక్కని సాక్ష్యం క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ఈ వీథినాటకాన్ని శ్రీనాథుడే వ్రాశాడని వాదించే పండితులు కూడ ఉన్నారు. కర్త ఎవరైనా కావ్యం సుమారు ఆరువందల ఏండ్ల నాటిది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీథులలో ప్రొద్దుట నుండి రాత్రి దాక తిరుగుతూ చూచిన వింతలే అందులోని కథ. మధ్యాహ్నవేళ భోజనం ప్రసక్తి వచ్చినప్పుడు వారికి ఒక పూటకూటి ఇల్లు గుర్తుకు వస్తుంది. అది లక్ష్మణవజ్ఝల ఇల్లు. వెల ఒక రూక. ఆ రూకకు కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుడు పదార్థాలు, మీగడ కట్టిన క్రొత్త పెరుగు.

విద్యార్థులు ఈ పద్యాన్ని సాధారణంగా ఆనాటి వంటకాల పట్టికగా చదువుతారు. దానిలో అంతకు మించిన సంగతి ఉన్నది. ఇంటివాని పేరు తెలుసు. పెట్టే పదార్థాలు తెలుసు. ఇవ్వవలసిన వెల తెలుసు. ఊరికి క్రొత్తవానికి ఇంతకంటె కావలసిన భరోసా ఏమున్నది? లోపలికి పోయేముందే లెక్క తేలిపోయింది. తిని లేచినవాడు ఎవరికీ తల వంచనక్కరలేదు. ఓరుగల్లువంటి వర్తకనగరంలో నానాదేశాల జనులు కలిసేచోట ఆతిథ్యం ఒక వృత్తిగా మారకతప్పలేదు. ఆ వృత్తిని కవి ఎగతాళి చేయలేదు. లక్ష్మణవజ్ఝల పేరును తన పద్యంలో నిలిపాడు.

అన్ని త్రోవలు ఓరుగల్లుకు పోవు. పల్లెలలో ఆ సీమలో పండినదే బాటసారికి దొరికేది. సన్నబియ్యానికి అలవాటుపడిన నోటికి పల్నాటి జొన్నకూడు రుచించలేదని శ్రీనాథుని పేర వ్యాపించిన చాటువులు గోల పెడతాయి. అవి చదివి నవ్వుకోవడం మనకు వాడుక. అయితే జొన్నకూడు పెట్టిన ఇల్లాలు తన ఇంటివారు తినేదే అతిథికీ పెట్టింది. నీరు చాలని నేలలో పండేది జొన్న గనుక జొన్న పెట్టింది. ఊరి నిజం తెలుసుకోవాలంటే ఊరి కోట కంటె ఊరి విస్తరి మంచి గురువు. సామాన్యమైన పూటకూటి ఇంట భోజనం చేసినవానికి ఆ ప్రాంతపు పంట, నీరు, ధర, అలవాటు అన్నీ ఒక్క పంక్తిలో బోధపడతాయి.

దూరప్రయాణాలు చేసినవారి సంగతి ఎట్లుండేదో తెలిపే గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఆయన వ్రాసి పంపిన విషయాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ 1838లో అచ్చువేయించాడు. మజిలీ మజిలీకి ఊరు పెద్దదా చిన్నదా, నీళ్ళ వసతి ఎట్టిది, అంగళ్ళు ఉన్నవా, దిగడానికి సత్రమో చావడో ఉన్నదా అని ఆయన శ్రద్ధగా వ్రాసుకున్నాడు. ఆయన వెంట పెద్ద పరివారం నడిచింది. అంత బలగం ఉన్నవానికే దిగే చోటు, దొరికే సరకులు ఇంత ముఖ్యమైతే, చెంబు, పక్కచుట్ట తప్ప వేరే ఆస్తి లేని ఒంటరి బాటసారి మాట చెప్పనక్కరలేదు. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలలో మజిలీ చేరి భోజనం ముగిసిన తరువాతనే కథ మొదలుపెట్టించడం ఊరక కాదు. కడుపు నిండనివానికి కథ ఎక్కదు.

సత్రాలు లేకపోలేదు. రాజులు, జమీందారులు, వర్తకులు పుణ్యం కోరి కట్టించిన సత్రాలు యాత్రామార్గాలలో ఎన్నో వెలిశాయి. వాటి మేలు గొప్పదే. అయితే చాలా సత్రాలకు ఒక కులపు కట్టుబాటు, ఇన్ని దినాలు మాత్రమే ఉండవచ్చుననే గడువు ఉండేవి. క్షేత్రాలలో కులాల పేర నడిచే సత్రాలను నేటికీ చూడవచ్చును. వ్యాజ్యం కోసం నెలకు నాలుగుసార్లు వచ్చేవానికి, ఉద్యోగం వెదుక్కుంటూ వచ్చేవానికి, చదువుకోవడానికి ఏడాది పొడుగునా ఉండవలసినవానికి సత్రం చాలదు. పంతొమ్మిదవ శతాబ్దంలో కచేరీలు, ఇంగ్లీషు పాఠశాలలు, కాలేజీలు పెరిగిన కొద్దీ రాజమహేంద్రవరం, విజయనగరం, ఒంగోలు వంటి పట్టణాలకు ఇటువంటివారి రాక హెచ్చింది. వారికోసం వీథివీథిని పూటకూళ్ళ ఇండ్లు లేచాయి.

వాటిని నడిపినవారిలో ఎక్కువమంది వితంతువులు. దానికి కారణం వెదకడం కష్టం కాదు. ఉమ్మడికుటుంబంలో భర్త పోయిన స్త్రీకి మనోవర్తి తప్ప ఆస్తిలో భాగం లేదు. భాగానికి కొంత దారి చూపిన చట్టం 1937లో గాని రాలేదు. వితంతువు మళ్ళీ పెండ్లాడవచ్చునని 1856లోనే చట్టం వచ్చినా, వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతువివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అది జరిగినప్పుడు ఊరంతా ఎదురు తిరిగిన కథ అందరికీ తెలిసినదే. చదువు లేదు, ఆస్తి లేదు, పెండ్లి లేదు. చేతిలో ఉన్న విద్య వంట ఒక్కటే. బంధువుల ఇంట జీతం లేని వంటమనిషిగా బ్రతకడమా, తన గడపలో తన పొయ్యి వెలిగించి నలుగురికి వండి బ్రతకడమా అన్నప్పుడు ధైర్యం గలవారు రెండవదానిని ఎన్నుకున్నారు. లోకం దానిని దిక్కులేనితనం అన్నది. నిజానికి అది దిక్కు వెదుక్కోవడం.

పూటకూళ్ళ ఇంటికి ఫలకం అక్కరలేదు. కచేరీ దగ్గరనో, కోవెల వీథిలోనో అడిగితే ఎవరైనా చూపించేవారు. వీథి అరుగు, నడవ, పెరడు, నూయి, వెనుకవైపు వంటిల్లు. ఇంతే దాని సరంజామా. బాటసారి మూట దించి, భోజనానికి ఉన్నానని ముందుగా ఒక మాట చెప్పాలి. ఆ తరువాతనే ఎసటిలో అతని పాలు బియ్యం పడతాయి. వరుసగా విస్తళ్ళు వేసి పప్పు, ఒక కూర, పచ్చడి, చారో పులుసో, చివర మజ్జిగ. నేతిబొట్టు లెక్కబొట్టు. రాత్రి నడవలోనో అరుగు మీదనో పడక. చాప ఇంటిది, దుప్పటి బాటసారిది. తెల్లవారి లేచి లెక్క తీర్చి పోవచ్చును.

ఆ లెక్కలో ఇంటామె కష్టం ఎంత ఉన్నదో తినేవానికి తెలియదు. పదిమందికి వండితే ఎనమండుగురు వస్తారు. మిగిలిన అన్నం ఆమె నష్టం. ఎనమండుగురికి వండితే పదిమంది వస్తారు. ఆ పూట ఆమెకు పస్తు. బియ్యం ధర హెచ్చినంత మాత్రాన పూటవెల హెచ్చించడం సాధ్యం కాదు. ఎదురింటి పూటకూళ్ళకు జనం పోతారు. నెలఖాతా పెట్టినవారిలో కొందరు జీతం రాలేదంటారు, కొందరు ఇంటినుండి పైకం రాలేదంటారు, కొందరు చెప్పకుండానే ఊరు విడిచిపోతారు. వ్యాజ్యం వేయడానికి ఆమెకు స్తోమత లేదు, వీథిలో నిలిచి అడిగితే గయ్యాళి అన్న పేరు. పరాయి మగవారు వచ్చిపోయే ఇల్లు గనుక నిందకు గురికావడం మరింత సులభం.

ఈ బ్రతుకును తెలుగువారందరూ రంగస్థలం మీద చూచారు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శింపబడి, పెంచి వ్రాసిన రూపంలో 1909లో వెలువడింది. అందులో గిరీశం విజయనగరంలో పూటకూళ్ళమ్మ ఇంట తిని, సంతలో సామానులు కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకుపోయి, మధురవాణి కోసం ఖర్చుపెట్టేస్తాడు. పూటకూళ్ళమ్మ చీపురుకట్ట పట్టుకొని మధురవాణి ఇంటికి వస్తుంది. గిరీశం మంచం క్రింద దూరుతాడు. దెబ్బ మాత్రం రామప్పంతులుకు తగులుతుంది. ప్రేక్షకులు విరగబడి నవ్వుతారు. ఆ నవ్వు నవ్వవలసినదే, గురజాడ ఉద్దేశించినదే.

నవ్విన తరువాత ఒక క్షణం ఆగి చూడాలి. ఇరవై రూపాయలు అంటే ఆమెకు ఎన్ని పూటల పొగ? ఆ పైకంతో సామానులు వచ్చి ఉంటే ఎంతమంది విస్తళ్ళు నిండేవి? ఇంగ్లీషు మాటలతో లోకాన్ని ఉద్ధరిస్తానని చెప్పుకొనే గిరీశం, వితంతువుల దుఃఖం గురించి ఉపన్యసించే గిరీశం, కష్టపడి బ్రతుకుతున్న ఒక వితంతువు డబ్బును దిగమింగాడు. అతని సంస్కరణం ఎంత బూటకమో చెప్పడానికి గురజాడ పెద్ద వాదం చేయలేదు. పూటకూళ్ళమ్మను రంగం మీదికి తెచ్చాడు. మరొక సంగతి కూడ గమనించదగినది. ఆ నాటకంలో పూటకూళ్ళమ్మ పూటకూళ్ళమ్మగానే పిలువబడుతుంది. వృత్తియే ఆమె పేరయింది. లోకం ఆమెను అట్లాగే పిలిచింది గనుక నాటకమూ అట్లాగే పిలిచింది.

ఆ పేరులేని స్త్రీలలో ఒకరి పేరు మాత్రం చరిత్రకు దక్కింది. ఆమె సుబ్బమ్మ. భర్త టంగుటూరి గోపాలకృష్ణయ్య చనిపోయినప్పుడు చిన్నపిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపింది. ఆనాడు ఆ పని గౌరవమైనదిగా ఎవరూ ఎంచలేదు. 1872లో పుట్టిన ఆమె కొడుకు ప్రకాశం ఆ ఇంటి అన్నం తిని పెరిగాడు. పాఠశాలలో చదువు చెప్పిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఆ బాలుని చేరదీసి రాజమహేంద్రవరం తీసికొనిపోయి చదివించాడు. ఒక తల్లి పొయ్యి, ఒక ఉపాధ్యాయుని చేయి. ఈ రెండూ లేకుంటే 1928లో మదరాసులో సైమను కమిషను బహిష్కరణనాడు తుపాకులకు రొమ్ము చూపిన ఆంధ్రకేసరి లేడు, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ప్రకాశం లేడు. ఆయన తన ఆత్మకథ 'నా జీవితయాత్ర'లో తల్లి చేసిన వృత్తిని దాచుకోలేదు.

ఇదే కాలంలో గోదావరి లంకలలో మరొక స్త్రీ నిత్యం అన్నం వండింది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ ఏటిని దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడక పెట్టింది. ఒక్క పైస పుచ్చుకోలేదు. 1841లో పుట్టి 1909లో, అంటే కన్యాశుల్కం పెంచిన కూర్పు వెలువడిన ఏడే, కన్నుమూసింది. గన్నవరం వద్ద కాలువను ఏటి మీదుగా దాటించే క్రొత్త కట్టడానికి ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకానికి ఆమె పేరే పెట్టింది. ఆ గౌరవానికి ఆమె అన్నివిధాల తగినది. అయితే సీతమ్మకు పెట్టడానికి భర్త ఇంట పంటపొలాలు ఉన్నవి. సుబ్బమ్మకు పెట్టడానికి రెండు చేతులు మాత్రమే ఉన్నవి. ఉన్నది పంచిన తల్లికి నమస్కరించే చేతులు, లేమిలో న్యాయమైన వెలకు వండిన తల్లికి కూడ నమస్కరిస్తే లోపమేమీ రాదు.

పూటకూళ్ళ ఇంటిని మెచ్చుకునేటప్పుడు దాని లోపాన్ని కప్పిపుచ్చరాదు. వెల ఇచ్చినవారందరికీ ఆ గడప తెరచుకోలేదు. మడి, ఆచారం, పంక్తిభేదం అక్కడా ఉన్నవి. చేతిలో డబ్బు ఉండి కూడ కులం కారణంగా వీథిలోనే నిలిచిపోయిన బాటసారులు లెక్కలేనంతమంది. గోదావరి మీద 1900లో రైలువంతెన కట్టిన తరువాత ప్రయాణాలు సులువయ్యాయి. అన్ని కులాలవారూ ఒకే రైలుపెట్టెలో కూర్చున్నారు. స్టేషను దిగి హోటలుకు పోగానే మళ్ళీ విడిపోయారు. ఉడిపి నుండి వచ్చినవారు, మనవారు పెట్టిన కాఫీ హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరుగది ఉండడం చాలాకాలం సాగింది. పంచములకు అసలు ప్రవేశమే లేని చోట్లు ఎన్నో.

ఈ గడపను తెరవడానికి రాజ్యాంగమే పూనుకోవలసి వచ్చింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం పదునైదవ అధికరణంలో, మతం, జాతి, కులం, స్త్రీపురుషభేదం, పుట్టినచోటు అనే కారణాలతో ఏ పౌరునికీ దుకాణాలలో, భోజనశాలలలో, హోటళ్ళలో ప్రవేశం నిరాకరించరాదని పేర్కొన్నది. దేశపు మహాశాసనంలో హోటలు మాట ఎందుకు వచ్చిందని విద్యార్థి అడిగితే, ఆకలితో వచ్చి వీథిలో నిలిచిపోయిన ఆ బాటసారి సంగతి చెప్పాలి. 1955లో అస్పృశ్యతానేరాల చట్టం అట్టి నిరాకరణకు శిక్ష విధించింది. అలవాటు చట్టమంత వేగంగా మారలేదు. 1957లో మదరాసులో ఒక హోటలు ఫలకం మీది 'బ్రాహ్మణ' పదాన్ని తొలగించాలని ఇ. వి. రామస్వామి నాయకరు ఆందోళన నడపవలసి వచ్చింది.

అన్నానికి వెల కట్టడం పాపమని నమ్మిన సమాజంలో, ఆ వెలయే చివరకు సమానత్వానికి ఒక మెట్టయింది. దానం చేసేవాడు ఎవరికి పెట్టాలో ఎన్నుకోవచ్చును. వెల పుచ్చుకొని పెట్టే ఇల్లు, చట్టం అండగా నిలిచిన తరువాత, ఎవరినీ కాదనలేదు. ఈ రహస్యం నేటి ప్రభుత్వాలకు కూడ తెలుసు. హైదరాబాదు నగరపాలకసంస్థ 2014లో మొదలుపెట్టిన భోజనానికి ఐదు రూపాయలు వెల కట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో ప్రారంభమై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరచిన అన్న క్యాంటీన్లలోను పూటకు ఐదు రూపాయలే. ఐదు రూపాయలకు అన్నం రాదని అందరికీ తెలుసు. అయినా ఆ నాణెం చేతబట్టి వరుసలో నిలిచిన కూలివానికి, తాను యాచించడం లేదని, కొనుక్కుంటున్నానని ఒక ధైర్యం ఉంటుంది. లక్ష్మణవజ్ఝల ఇంట రూక చేసిన పనిలో కొంత ఈ నాణెం చేస్తున్నది.

పూటకూళ్ళ ఇండ్లు పోయాయని కూడ పూర్తిగా చెప్పలేము. పేరు మారింది. పోటీపరీక్షలకు చదివే పిల్లలు గుమిగూడిన పేటలలో, ఆసుపత్రుల వెనుక సందులలో, బస్సుస్టాండుల ప్రక్కన చిన్న చిన్న మెస్సులు నడుస్తూనే ఉన్నాయి. నాలుగు బల్లలు, రెండు పొయ్యిలు, నెలఖాతా పుస్తకం. చాలాచోట్ల వాటి వెనుక ఒక ఇల్లాలి రెక్కలకష్టం ఉన్నది. పల్లెనుండి వచ్చి గది అద్దెకు తీసికొన్న విద్యార్థి జ్వరం వచ్చి అన్నానికి రాకపోతే, ఏమయినాడని మొదట అడిగేది ఆ మెస్సు ఆమెయే కావచ్చును. నెలఖాతా బాకీ పడినా పరీక్షలయ్యేదాక విస్తరి ఆపనివారు నేటికీ ఉన్నారు. ఖాతాలో వ్రాయని పద్దు అది.

పూర్వం వారాలు చేసుకొని చదివినవారి కథలను మనం భక్తితో చెప్పుకుంటాము. వారానికి ఏడిండ్ల దయతో చదువుకున్నవారు మహాపండితులయ్యారు. దానితోపాటు, పూటకూళ్ళమ్మ దగ్గర ఖాతా పెట్టుకొని తలయెత్తుకు తిని చదువుకున్నవారిని కూడ గుర్తుచేసుకోవాలి. తరగతిలో కన్యాశుల్కం చెప్పేటప్పుడు మంచం క్రింది రంగం వచ్చిన దినాన, పిల్లలు కడుపార నవ్విన తరువాత, ఉపాధ్యాయుడు ఒంగోలులో నలుగురికి వండి కొడుకును పెంచిన సుబ్బమ్మ కథ కూడ చెబితే పాఠం సంపూర్ణమవుతుంది. అప్పుడు పిల్లలకు ఆ చీపురుకట్ట వెనుక ఉన్న కోపం ఎంత న్యాయమైనదో తెలుస్తుంది.

వెల చెల్లించి తిన్న అన్నానికి ఋణం ఉండదని లోకం అనుకుంటుంది. బియ్యానికి, పప్పుకు, కట్టెలకు వెల ఉన్నది. ఎరుగని ఊరిలో అపరిచితునికి వేళకు వేడి అన్నం వడ్డించిన నమ్మకానికి వెల కట్టినవారు లేరు. గిరీశం ఎగవేసిన ఇరవై రూపాయలు నాటకంలోని బాకీ. పొగలో కన్నులు నలుపుకొంటూ తరతరాల బాటసారులను సాకిన స్త్రీలకు తెలుగుజాతి పడిన బాకీ వేరు. దానిని డబ్బుతో తీర్చలేము. ఆ వృత్తి పేరును తిట్టుగా వాడడం మానుకొని, గౌరవంగా పలికితే కొంత తీరుతుంది.